సౌష్ఠవం తగ్గుతుందా, తగ్గించబడుతుందా?

సందేహం: బెంగళూరులో భౌతికశాస్త్ర పరిశోధన చేస్తున్నాను. ఇక్కడి తెలుగు మిత్రుల కోసం ఇనుము ఆధారిత అతివాహకాల (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా విద్యుత్తును పారనిచ్చే పదార్థాల) మీద వ్యాసం రాస్తూ, "నెమాటిక్ స్థితిలో ఎలక్ట్రాన్ల చేత స్ఫటిక సౌష్ఠవం భంగపరచబడుతుంది, ఎలక్ట్రాన్లు ఒకరినొకరు ప్రభావితం చేయబడతాయి" అన్నాను. మొదటి వాక్యంలో 'భంగపడుతుంది' అంటే చాలని ఒక మిత్రుడి మాట. ఏది సరైనది?

సమాధానం: రెండూ వద్దు. నెమాటిక్ అన్న మాటను అలాగే ఉంచడం మాత్రం నాకు నచ్చింది. అణువులు ఒకే దిశకు మొగ్గి ఉండే ద్రవ స్ఫటికాల నుంచి వచ్చిన ఆ మాట మీ ఊరికి పాత చుట్టమే. బిళ్లల ఆకారపు అణువులూ ద్రవ స్ఫటికాలవుతాయని 1977లో చూపింది బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులే.

ఇక 'భంగపడు'. ఎన్నికల్లో అభ్యర్థి భంగపడతాడు. భంగపాటు అంటే పరాభవం. స్ఫటికానికి అలాంటిదేమీ జరగలేదు. పైగా భంగం అనగానే ఉన్నదంతా పోయిందనిపిస్తుంది. మీ అతివాహకాల్లో ఒకటైన ఐరన్ సెలెనైడ్‌ను చూడండి. సుమారు 90 కెల్విన్‌లకు పైన దాని పొరల్లో అమరిక చదరం, పావు చుట్టు తిప్పినా అదే రూపం. అంతకంటే చల్లబడితే అర చుట్టు తిప్పితేనే ఆ రూపం వస్తుంది. కొంత పోయింది, కొంత మిగిలింది. దానికి 'తగ్గు' ఉండగా మరో క్రియ ఎందుకు?

అసలు చిక్కు 'బడు'తోనే. తగ్గు–తగ్గించు, వంగు–వంచు, తెగు–తెంచు: తెలుగులో ఇలాంటి జంటలెన్నో. దానంతట అది జరిగితే మొదటిది, చేసేవారుంటే రెండవది. కర్త తెలియనప్పుడో, చెప్పదలచుకోనప్పుడో 'బడు'కు కొంత చోటుంది. మీ వాక్యంలో కర్త కళ్లెదుటే ఉంది. అదీ తేలికగా దొరికిన కర్త కాదు. ఈ మార్పులో స్ఫటికం భుజాల పొడవుల మధ్య తేడా ఒక శాతమైనా ఉండదు. కానీ అదే కుటుంబానికి చెందిన, కోబాల్ట్ కలిపిన బేరియం ఐరన్ ఆర్సెనైడ్‌లో ఒక దిశలోని విద్యున్నిరోధం రెండవ దిశలోకన్నా దాదాపు రెట్టింపు వరకూ పోతుంది. స్ఫటికాన్ని కాస్త సాగదీసి నిరోధం ఎంత మారుతుందో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొలిచారు. చల్లబరుస్తూ సౌష్ఠవం తగ్గే ఉష్ణోగ్రతకు దగ్గరయ్యేకొద్దీ ఆ స్పందన విపరీతంగా పెరిగింది. స్ఫటికం ఎలక్ట్రాన్లను లాగడం లేదు, ఎలక్ట్రాన్లే స్ఫటికాన్ని లాగుతున్నాయని 2012లో వారు తేల్చింది దాని ఆధారంగానే. అంత శ్రమతో తేలిన కర్తను 'చేత' వెనక నిలబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. "ఎలక్ట్రాన్లు స్ఫటిక సౌష్ఠవాన్ని తగ్గిస్తాయి" అని నేరుగా రాయండి.

రెండో వాక్యంలో దోషాలు రెండు. 'ఒకరినొకరు' మనుషులకే చెల్లుతుంది, ఎలక్ట్రాన్లకు 'ఒకదాన్నొకటి' అనాలి. ప్రభావితం చేసేవీ అవే కనుక 'చేయబడతాయి' కుదరదు. "ఎలక్ట్రాన్లు ఒకదాని కదలికను మరొకటి ప్రభావితం చేస్తాయి" అంటే సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఎలక్ట్రాన్లలో ఈ మొగ్గు మొదలయ్యేది స్పిన్‌ల (ఎలక్ట్రాన్ల అయస్కాంత గుణం) వల్లనా, ఆర్బిటాళ్ల (పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే చోట్ల ఆకారాలు) వల్లనా అన్న వాదం ఇంకా ముగియలేదు. సాధారణ పీడనంలో ఐరన్ సెలెనైడ్ నెమాటిక్ అవుతుంది గాని దానిలో అయస్కాంత క్రమం (స్పిన్‌లన్నీ ఒక వరుసలో కుదురుకోవడం) రాదు కాబట్టి అక్కడ వాదం మరీ గట్టిది. ఆ చర్చ రాసేటప్పుడు ఏ పక్షాన్నీ కర్తగా నిలపకుండా "సౌష్ఠవం తగ్గుతుంది" అనండి.