మా అమ్మాయి సముద్రపు పక్షుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది, అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది కాకినాడ. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ 94 శాతంతో పాసైంది. నీట్‌లో సీటు రాలేదు. లాంగ్ టర్మ్‌లో చేర్పిద్దామంటే సముద్రపు పక్షుల మీద పరిశోధన, దీవుల సంరక్షణ అంటోంది. ఎప్పుడు చూసినా న్యూజిలాండ్ వీడియోలే. ఒక కన్సల్టెన్సీ వాళ్లు విదేశంలో డిగ్రీకి 45 లక్షలవుతుంది, లోన్ మేమే ఇప్పిస్తాం, ముందు లక్ష కట్టి సీటు బుక్ చేసుకోండి అంటున్నారు. లాంగ్ టర్మ్, ఇక్కడ డిగ్రీ, విదేశం, ఈ మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు. ఆడపిల్ల దీవుల్లో ఒంటరిగా ఎలా ఉంటుందో అని కూడా భయంగా ఉంది. – ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు పులుల పేరుతో వస్తాయి, డాల్ఫిన్ల పేరుతో వస్తాయి, ఈసారి పక్షుల పేరుతో వచ్చింది. జంతువు మారినా తల్లిదండ్రుల బెంగ ఒకటే: డాక్టర్ కాకపోతే పిల్ల బతుకు ఏమవుతుంది, చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి? మొదటిదానికి జవాబు చెప్తాను. ఆలస్యంగానైనా మీ అమ్మాయి తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. చుట్టాల సంగతి మీరే చూసుకోవాలి.

ఆలస్యం అంటే ఎంత? ఎమ్మెస్సీ తర్వాత జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లు దాటాక 42,000, ఇంటి అద్దె అలవెన్సు అదనం. అది రాకపోతే ప్రాజెక్టు ఉద్యోగాలుంటాయి. జీతం తక్కువ, కాంట్రాక్టు ఏడాదో రెండేళ్లో. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి వయసు ముప్పైకి దగ్గరవుతుంది. ఆ తర్వాత కూడా పర్మినెంట్ పోస్టులు కొద్దే. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, జువలాజికల్ సర్వే, యూనివర్సిటీలు, మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు, అంతే. ఈ లెక్క అమ్మాయికీ చూపించండి. చూశాక కూడా ఇదే కావాలంటే ఆ ఇష్టాన్ని కాస్త నమ్మొచ్చు.

ఇక ఆ న్యూజిలాండ్ వీడియోల సంగతి. వాటిలో చూపించే పని గొప్పదే. సముద్రపు పక్షులు చాలావరకు నేల మీదో, బొరియల్లోనో గూడు పెడతాయి. ఎలుకలు, పిల్లులు లేని దీవుల్లో తరతరాలుగా బతికాయి కాబట్టి ఆ జంతువుల నుంచి కాచుకోవడం ఈ పక్షులకు తెలియదు. ఓడలతో పాటు ఎలుకలు దిగి గుడ్లనూ పిల్లల్నీ తినేశాయి. అందుకే హెలికాప్టర్ల నుంచి మందు కలిపిన ఎర చల్లి, దీవి మొత్తం మీద ఒక్క ఎలుక కూడా మిగలకుండా చేస్తారు. న్యూజిలాండ్ వాళ్లు 2001లో క్యాంప్‌బెల్ దీవిలో చేశారు. దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియాకు ఎలుకల బెడద తీరిందని 2018లో ప్రకటించారు. అదే సముద్రంలోని గాఫ్ దీవిలో ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షుల పిల్లల్ని చుంచెలుకలు బతికుండగానే కొరికి తింటున్నాయని 2021లో ఇలాంటి ఆపరేషనే చేశారు. అదే ఏడాది డిసెంబరులో కెమెరాలో మళ్లీ చుంచెలుక కనిపించింది. ఏళ్ల తరబడి ప్లాన్ చేసిన పని అది. ఇలాంటి ఓటమి వీడియోలు మీ అమ్మాయి ఫోన్‌లోకి వస్తున్నాయో లేదో మరి.

ఇంకో మాట. అలాంటి ఆపరేషన్‌కు వెళ్లే జట్టులో పక్షుల సైంటిస్టులు కొద్దిమందే. పైలట్లు, ఇంజనీర్లు, ఎర నింపేవాళ్లు, సామాన్లు లెక్కచూసేవాళ్లు, వాసన పట్టే కుక్కల్ని నడిపించేవాళ్లు ఎక్కువ. ఆ కొద్ది ఉద్యోగాలకూ అక్కడి పిల్లలే చిన్నప్పటినుంచీ ఆ కొండల్లో తిరిగి పోటీకి వస్తారు. 45 లక్షల అప్పుతో, వీసా గడువుతో మన పిల్ల వాళ్లతో పోటీపడాలి. ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, ఈ ‘కన్జర్వేషన్ డిగ్రీ’ ఫ్యాషన్ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. అడవుల్లో వాలంటీర్‌గా పనిచేయడానికి ఎదురు డబ్బు కట్టించుకునే టూర్ల మీద ఇంకా ఎక్కువ. పీహెచ్‌డీకి స్కాలర్‌షిప్‌తో వెళ్తే అది వేరే కథ, అప్పుడు సంతోషంగా పంపండి.

అసలు పద్దెనిమిదేళ్లకే ‘సముద్రపు పక్షులు మాత్రమే’ అని గిరి గీసుకోవడం కూడా నాకు నచ్చదు. మన దేశంలో అవి గూడు పెట్టే చోట్లు బాగా తక్కువ. లక్షద్వీప్‌లో పిట్టి అని ఒక దిబ్బ ఉంది. మనుషులుండరు, చెట్టు కూడా ఉండదు. ఇసుక, పగడపు రాళ్ల మధ్య టెర్న్ పక్షులు గుడ్లు పెడతాయి. అనుమతి ఉండాలి, సముద్రం కరుణించాలి, అప్పుడు గానీ అక్కడ కాలు పెట్టలేరు. దాని మీద ఎంతమంది పీహెచ్‌డీలు చేయగలరు? పక్షుల శాస్త్రవేత్త రవి శంకరన్ గారిని చూడండి. పీహెచ్‌డీ చేసింది గడ్డిభూముల్లో తిరిగే ఫ్లోరికన్ పక్షుల మీద. తర్వాత అండమాన్ గుహల్లో స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పక్షుల గూళ్లు దొంగిలించేవాళ్లనే వాటికి కాపలాదారులుగా మార్చిన కార్యక్రమాన్ని నడిపించారు. ముందు ఎకాలజీ గట్టిగా వస్తే దీవులు తర్వాత వస్తాయి.

కాబట్టి ఇక్కడే డిగ్రీ. జువాలజీతో బీఎస్సీ, లేదా తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) అయిదేళ్ల కోర్సు. తర్వాత బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ ఉంది, సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే, బ్యాచ్ కూడా సాధారణంగా రెండేళ్లకోసారి. డెహ్రాడూన్‌లోనూ ఉంది. అవేవీ రాకపోతే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉంది. మధ్యలో మనసు మారితే యూపీఎస్సీ ద్వారా ఫారెస్ట్ సర్వీసుకూ ఇదే చదువు పనికొస్తుంది. ఒక్క హెచ్చరిక: అమ్మాయి లెక్కల భయంతో బైపీసీ తీసుకుని ఉంటే ఇప్పుడే చెప్పండి, ఈ రంగంలో సగం పని స్టాటిస్టిక్స్, కంప్యూటర్ ముందే.

లాంగ్ టర్మ్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. తనకు డాక్టర్ కావాలని ఉంటే చేర్పించండి, లేకపోతే వద్దు.

ఒంటరితనం గురించి అడిగారు. ఈ పనికి ఎవర్నీ ఒంటరిగా పంపరు, జట్టుగానే వెళ్తారు. అసలు ఇబ్బందులు వేరే ఉన్నాయి. పడవలో వాంతులు, రెట్టల కంపు, వారాల తరబడి సరైన బాత్రూం లేకపోవడం, ఫోన్ సిగ్నల్ లేకపోవడం. మీ అమ్మాయికి ఈత వచ్చా? రాకపోతే ఈ సెలవుల్లోనే నేర్పించండి. పెళ్లి, పిల్లలు ఎలా అన్నది మీరు రాయలేదు గానీ మీ వాక్యాల మధ్య కనిపిస్తూనే ఉంది. అస్సాంలో హర్గిలా అనే పెద్ద కొంగల్ని కాపాడిన పూర్ణిమా దేవి బర్మన్ కవల పిల్లల తల్లి. ఊళ్లో ఆడవాళ్లందర్నీ కూడగట్టి ఆ పక్షుల్ని నిలబెట్టింది, 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ అవార్డు అందుకుంది.

ఇప్పుడు మీకు కాస్త కోపం తెప్పించే మాట. ఇంత ఉత్తరంలో అమ్మాయికి ఆ పక్షులు ఎందుకు నచ్చాయో ఒక్క ముక్క లేదు. అడిగారా? 94 శాతం తెచ్చుకున్న పిల్ల గురించి రాస్తూ సీటు రాలేదన్న ఊసే ముందుకొచ్చింది. పైగా కాకినాడలో ఉంటూ న్యూజిలాండ్ లెక్కలు వేస్తున్నారు. కోరంగి మడ అడవులు మీకు పక్కనే. ప్రపంచంలోనే అరుదైపోతున్న ఇండియన్ స్కిమ్మర్ అనే పక్షులు చలికాలంలో ఆ గోదావరి ముఖద్వారానికి వస్తాయి. ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది. ఎప్పుడైనా తీసుకెళ్లారా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది ఇందుకే. ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. అటవీశాఖ వాళ్లను అడిగి తెల్లవారుజామున ఇద్దరూ వెళ్లండి. బురదలో నాలుగు గంటలు నిలబడి పక్షుల్ని లెక్కపెట్టాక కూడా ఆమె మళ్లీ వస్తానంటే ఈ కోరిక వీడియోల వల్ల వచ్చింది కాదని మీకే తెలుస్తుంది. విసుక్కుంటే అదీ మంచిదే, డిగ్రీ మొదట్లోనే దారి మార్చుకోవచ్చు.

కన్సల్టెన్సీ వాళ్లు అడిగిన లక్ష కట్టకండి. అందులో కొద్ది డబ్బుతో ఒక 8×42 బైనాక్యులర్ కొనివ్వండి, ఇప్పటికి అది చాలు.