మంచు కొండల్లో ఇల్లు: డెబ్బై శాతం డెబ్బై దగ్గర ఆగదు

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మంచు బాగా కురిసే కొండ ప్రాంతంలో, ఊరికి దూరంగా కొంత స్థలం కొన్నాను. రిటైరయ్యాక అక్కడే ఉండాలని ఆశ. కాంట్రాక్టర్ చెప్పిన ఖర్చు నా పొదుపులో 70 శాతం. అప్పు చేయకుండా కట్టేయొచ్చా?

జవాబు: కట్టొచ్చు, కానీ ఆ ఇల్లు కాదు. మీరు పంపిన అంచనా చూశాను. అందులో రవాణా గురించి రాసింది ఒక్క లైనే. లారీ చివరి మలుపు తిరగలేకపోతే సిమెంటు బస్తాలు దించి చిన్న బండ్లకు ఎక్కించాలి. ఆ కూలి ఎవరిదో అందులో లేదు.

అసలు ఖర్చు పెంచేది మాత్రం చలికాలం. 5 డిగ్రీల లోపు చలిలో కాంక్రీటు గట్టిపడటం బాగా మందగిస్తుంది. పచ్చిగా ఉండగానే గడ్డకట్టిందా, దానిలోని నీరు 9 శాతం దాకా ఉబ్బి బలాన్ని తినేస్తుంది. అంటే పని సాగేది ఏడాదిలో కొన్ని నెలలే. కప్పు పడకముందే మంచు మొదలైతే తర్వాతి సీజన్ దాకా మీరు అద్దె కట్టాలి, తడిసి పాడైన కలప మార్చాలి, మేస్త్రీలను మళ్లీ రప్పించాలి. అందుకే ఇలాంటి చోట్ల అంచనాకు పాతిక శాతం కలిపి చూస్తాను. మీ 70 కాస్తా 87 దాటుతుంది. మిగిలిన దాంతో మీ రిటైర్మెంట్ గడవదు. పోనీ అమ్ముదామంటే, అంత దూరంలోని ఇంటికి కొనేవాళ్లు దొరకడానికి ఏళ్లు పట్టొచ్చు.

ఖర్చును పొదుపులో 40 శాతానికి దించండి. పాతిక కలిపినా సగం పొదుపు మిగులుతుంది. అలాగని పునాది లోతు తగ్గించకండి, అది నేల గడ్డకట్టే లోతు దాటి దిగాల్సిందే. కప్పు జోలికీ పోవద్దు: మీటరు ఎత్తున కుదురుకున్న పాత మంచు చదరపు మీటరుకు 300 కిలోలు తూగొచ్చు. గదులు తగ్గించండి. అతిథుల గది ముందు పోవాలి (వచ్చేవాళ్లు ఎలాగూ ఎండాకాలంలోనే వస్తారు). గోడల్లో, కప్పులో వేసే ఇన్సులేషన్ మాత్రం ఏటా వేడి ఖర్చు తగ్గించి పెట్టిన డబ్బు తిరిగిస్తుంది.

జనరేటర్ కొంటే ఒక మాట. 3,000 మీటర్ల ఎత్తులో గాలి పలచబడి, టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నెట్టే పరికరం) లేని ఇంజన్ శక్తిలో మూడో వంతు దాకా కోల్పోతుంది. సైజు దానికి తగ్గట్టు చూసుకోండి.

కప్పు ఏ నెలకు పడుతుందో, పడకపోతే నష్టం ఎవరు భరిస్తారో ఒప్పందంలో రాయించండి. చెల్లింపుల్లో పెద్ద వాయిదా కప్పు పూర్తయ్యాకే. దీనికి కాంట్రాక్టర్ ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.