సిడ్నీ తొలి నాటకం గురించి రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. బ్రిటన్‌లో శిక్ష పడి ఓడల్లో వచ్చిన ఖైదీలు 1789లో సిడ్నీలో ఆడిన ఇంగ్లీషు నాటకం మీద, అక్కడి మీ తెలుగు సంఘం సావనీర్‌కి వ్యాసం రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. ఇన్నేళ్లూ నాటకాల మధ్య, పాత కరపత్రాల మధ్య గడిపినవాణ్ని కాబట్టి నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఇద్దరు సాక్షుల్ని పట్టుకో. ఒకరు మెరైన్ దళం (ఓడల మీద వచ్చిన నౌకా సైనికులు) అధికారి వాట్కిన్ టెంచ్, ఇంకొకరు కాలనీ న్యాయాధికారి డేవిడ్ కాలిన్స్. టెంచ్ పుస్తకం 1793లో, కాలిన్స్‌ది 1798లో లండన్‌లో అచ్చయ్యాయి. రెండూ ఇప్పుడు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ నాటకం గురించి ఇద్దరూ రాసింది కలిపినా పేజీ నిండదు. ఆ కాస్తా కంఠతా వచ్చేదాకా చదువు. ఆ తర్వాతే మిగతావాళ్లు రాసినవి తెరువు.

వాళ్లు చెప్పేది ఇంతే. జూన్ 4, మూడో జార్జి రాజు పుట్టినరోజు. ఆ సాయంత్రం కొందరు ఖైదీలు జార్జ్ ఫార్కర్ రాసిన ‘ది రిక్రూటింగ్ ఆఫీసర్’ అనే హాస్య నాటకం ఆడారు. గవర్నర్ ఆర్థర్ ఫిలిప్, దళంలోని అధికారులు వచ్చి చూశారు. ఒక ఖైదీ గుడిసె, మట్టి గోడలు, మూడు నాలుగు గజాల రంగు కాగితం, గోడల చుట్టూ గుచ్చిన డజను చవక కొవ్వొత్తులు, అరవై మంది జనం. కొందరు నటులు మంచి ఊపుతో చేశారనీ, మెప్పు పొందారనీ టెంచ్ రాశాడు. వినయంగా ఒక చిరునవ్వు తెప్పించడం తప్ప తమకు వేరే ఆశ లేదని నటులు చెప్పుకున్నట్టు కాలిన్స్ రాశాడు.

ఇక్కడ తొందరపడి ముందుకెళ్లిపోకు. నాటకం వేసినవాళ్ల కళ్లతో ఆ సామాను లెక్క చూడు. మూడు నాలుగు గజాలంటే తొమ్మిది నుంచి పన్నెండు అడుగులు. ఒక చిన్న గది వెనక గోడకి, అదీ మనిషి ఎత్తు వరకు సరిపోతుందేమో. అంటే సీను మారిందని కాగితం చెప్పలేదు, నటులే చెప్పాలి. జూన్ అంటే మీకు చలికాలం, ఐదింటికే చీకటి పడుతుంది. పన్నెండు కొవ్వొత్తులు ఎంత వెలుగిస్తాయో ఊహించి రాయకు. మీ ఇంట్లో ఒక గది లైట్లన్నీ ఆర్పి, గోడల వెంబడి పన్నెండు కొవ్వొత్తులు వెలిగించి, ఎవరినైనా అటూ ఇటూ నడుస్తూ నాలుగు డైలాగులు చెప్పమను. గోడకి దగ్గరున్నప్పుడు చెంప ఒకవైపే కనిపిస్తుంది, గది మధ్యకొస్తే ముఖం మసకబారుతుంది. ఆ వెలుగులో కనుబొమ్మలతో నటిస్తే ఎవరికీ అందదు. గొంతూ, ఒళ్లూ పనిచెయ్యాలి. ఇందులో సిల్వియా అనే అమ్మాయి మగవేషం వేసుకుని సైన్యంలో చేరబోతుంది. లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో కంటే ఆ గుడిసె మసక వెలుగులోనే ఆ మారువేషం ఎక్కువ నమ్మకంగా అనిపించి ఉంటుందని నా నమ్మకం. ఇలాంటివి పుస్తకాల్లో దొరకవు, చేసి చూస్తేనే తెలుస్తాయి. నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది.

రెండో సంగతి, ఇది చాలా ముఖ్యం. ఈ ప్రదర్శన పేరు చెప్పగానే అందరూ లెఫ్టినెంట్ రాల్ఫ్ క్లార్క్ దర్శకత్వం వహించాడని రాసేస్తారు. క్లార్క్ నిజంగా ఉన్న మనిషే. కానీ ఆయన్ని దర్శకుణ్ని చేసింది థామస్ కెనీలీ 1987లో రాసిన నవల. దాని ఆధారంగా టింబర్‌లేక్ వెర్టెన్‌బేకర్ రాసిన నాటకం 1988లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో ఆడింది, లోకమంతా తిరిగింది. రెండూ గొప్పవే, చదువు. కానీ వాటిలోని మనుషుల్ని తెచ్చి 1789లో నిలబెట్టకు. టెంచ్ గానీ కాలిన్స్ గానీ దర్శకుడి పేరు చెప్పలేదు, ఒక్క నటుడి పేరూ చెప్పలేదు. ఖాళీని ఖాళీగానే ఉంచు. పాఠకుడు దాన్ని లోటనుకోడు, నిన్ను నమ్ముతాడు.

అలాగే ‘దేశం మేలు కోసమే దేశం విడిచాం’ అనే అర్థం వచ్చే పద్యపాదాలు నీకు ప్రతిచోటా ఎదురవుతాయి. జేబుదొంగ బారింగ్టన్ రాశాడంటారు. అవి ఈ నాటకానివి కావు, బారింగ్టన్‌వీ కావు. తర్వాత లండన్‌లో పుట్టి అతని పేరు తగిలించుకున్నవి. 1789లో నిజంగానే ఒక నటుడు ముందుమాట, ముగింపు పలుకులు రాసి చదివించాడు. తమ పరిస్థితి మీద, ఆ కొత్త నేల మీద మొదటిసారి నాటకం ఆడటం మీద అందులో ఫర్వాలేదనిపించే మాటలున్నాయని టెంచే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా ఇక్కడ ఎత్తి రాసేంత విలువైనవి కావని వదిలేశాడు. అది చదివిన ప్రతిసారీ నాకు కడుపు రగిలిపోతుంది. ఒక ఖైదీ తన బతుకు గురించి తనే రాసుకున్న మాటలు అలా పోయాయి. ఈ సంగతి నీ వ్యాసంలో తప్పకుండా రావాలి.

నాటకం గురించి మరీ ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఫార్కర్ ఐరిష్‌వాడు, తనే సైన్యంలోకి మనుషుల్ని చేర్చే పని చేశాడు, ఆ అనుభవంతో 1706లో రాశాడు. 1732లో న్యూయార్క్‌లో, 1736లో చార్లెస్టన్‌లో కూడా ఇదే ఆడారు కాబట్టి ఇంగ్లీషు కాలనీలకి పాత చుట్టమే. ఒక్క విషయం మాత్రం చెప్పు. ఇందులో మాయమాటలతో పల్లె కుర్రాళ్లని సైన్యంలోకి లాగే సార్జెంటు ఉన్నాడు, మనుషుల్ని పట్టి సైన్యానికి అప్పజెప్పే న్యాయమూర్తులున్నారు. ఆ పాత్రలు వేసింది కోర్టు శిక్ష వేసి సముద్రం దాటించినవాళ్లు. ఎదురుగా కూర్చుని చూసింది ఆ సైన్యం అధికారులు.

ఇక ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పకపోతే చిత్రం సగమే. మార్చిలో గోదాము తిండి దొంగిలించారని ఆరుగురు మెరైన్లనే ఉరి తీశారు. ఏప్రిల్, మే నెలల్లో మశూచి వచ్చి సిడ్నీ రేవు చుట్టూ ఉన్న ఆదివాసులు కుప్పలుగా చనిపోయారు. గవర్నర్ బలవంతంగా పట్టి తెప్పించి తన దగ్గర ఉంచుకున్న అరబానూ అనే ఆదివాసి ఆ రోగులకి సేవ చేసి, అదే జబ్బుతో మే 18న పోయాడు. గవర్నర్ తోటలోనే పూడ్చారు. పదిహేడు రోజుల తర్వాత ఈ నాటకం. ‘ఆస్ట్రేలియాలో తొలి నాటకం’ అని మాత్రం రాయకు. ఆ నేల మీద అక్కడి ఆదివాసులైన గాడిగల్ వాళ్ల ఆటలూ పాటలూ ఎప్పటి నుంచో ఉన్నాయి. ‘అక్కడ ఆడిన తొలి యూరోపియన్ నాటకం’ అను.

వీలైతే మ్యూజియం ఆఫ్ సిడ్నీకి వెళ్లు. తొలి గవర్నర్ బంగళా పునాదులు అక్కడే ఉన్నాయి. అక్కణ్నుంచి సర్క్యులర్ కీ అనే రేవు దాకా నడిస్తే ఆ ఊరు ఎంత చిన్నదో కాళ్లకే తెలుస్తుంది.

1796లో రాబర్ట్ సిడవే అనే మాజీ ఖైదీ పెట్టిన థియేటర్ గురించి ఒక పేరా చాలు. డబ్బు లేనివాళ్లు టికెట్‌కి బదులు పిండి ఇచ్చేవాళ్లు. ఆ ఏడాది జూలై 30 నాటి ‘జేన్ షోర్’ నాటకం కరపత్రం కెనడాలో బయటపడితే 2007లో ఆస్ట్రేలియాకి ఇచ్చారు. ఆస్ట్రేలియాలో అచ్చయినవాటిలో ఇప్పటికి మిగిలిన అన్నిటికంటే పాత కాగితం అదే. సావనీర్‌లో బొమ్మ వేయాలంటే దాని ఫోటో కోసం కాన్‌బెర్రాలోని నేషనల్ లైబ్రరీని అడుగు. 1789 నాటకానిదని పొరపాటున కింద రాయకు, తేదీ స్పష్టంగా వెయ్యి.

రాశాక అచ్చుకి ఇచ్చే ముందు నాకు పంపు. కొవ్వొత్తుల గదిలో ఏం కనిపించిందో అందులో ఉండాలి.

మీ మామయ్య