ఆరుబయట కచేరీకి మైకులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సంక్రాంతికి గుడి ఎదుట మైదానంలో వాద్యబృందం కచేరీ పెడుతున్నాం. ఎనిమిది వయొలిన్లు, రెండు చెల్లోలు, వీణ, వేణువు, సన్నాయి, డోలు, మృదంగం, తబలా, కీబోర్డు ఉంటాయి. కిందటేడు ఇరవై మైకులు పెట్టినా వయొలిన్లు వినపడలేదు. పెంచితే కూత. ఇంకా ఖరీదైన మైకులు తేవాలా?
– ఉత్సవ కమిటీ, అంబాజీపేట

జవాబు: అక్కర్లేదండి. ముందు సంఖ్య తగ్గించి, ఉంచినవాటిని వాద్యాలకు దగ్గరగా జరపండి. ఒకే లెవెల్లో తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ, కూత (స్పీకరు శబ్దం తిరిగి మైకులోకి చేరి పుట్టే మోత) మొదలయ్యేలోపు మీరు పెంచగలిగే శబ్దం సుమారు 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. దూరం సంగతి ఇంకా పెద్దది. మైకును మీటరు దూరం నుంచి పావు మీటరుకు తెస్తే వాద్యం 12 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది. స్పీకర్ల నుంచి వచ్చేది మాత్రం అంతే ఉంటుంది. తలల పైన రెండు మైకులు వేలాడదీసే పద్ధతి హాల్లో బాగుంటుంది, ఎందుకంటే గోడలూ పైకప్పూ శబ్దాన్ని తిప్పి పంపుతాయి. మైదానంలో అదంతా కొబ్బరిచెట్ల మీదుగా పోతుంది. ఆ మైకులకు దక్కేది గాలి, స్పీకర్లు, జనరేటరు.

వయొలిన్లకు ఇద్దరికి ఒకటి చొప్పున నాలుగు చిన్న కండెన్సర్ మైకులు (పల్చని పొరతో శబ్దాన్ని పట్టే సున్నితమైన రకం) పెట్టండి. పొట్టి స్టాండుకు బూమ్ (అడ్డ కడ్డీ) బిగించి, ఇద్దరి మధ్య పైనుంచి, కమాను తగలనంత ఎత్తులో, వాద్యాలకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. పక్క జంట మైకు దానికి కనీసం 120 సెంటీమీటర్ల అవతల ఉండాలి. మైకుల మధ్య దూరం, మైకుకూ వాద్యానికీ ఉన్న దూరానికి మూడు రెట్లకు తగ్గితే ఒకే వయొలిన్ రెండు మైకుల్లోకి కొద్ది తేడాతో చేరి, నాదం డొల్లగా మారుతుంది. వయొలిన్‌కే బిగించే క్లిప్ మైకులు అద్దెకు దొరికితే మాత్రం వెనకాడకండి. నాలుగు కాస్తా ఎనిమిదై 3 డెసిబెల్స్ పోతాయి, కానీ దూరం 10 సెంటీమీటర్లకు దిగి 12 వస్తాయి. డబ్బు పెట్టదలిస్తే ఇక్కడే పెట్టాలి.

కింది ధ్వనులను కోసే ఫిల్టర్ విషయంలో ఒక మాట. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ అడుగు తీగ 196 హెర్ట్జ్, అందుకని పుస్తకాలు 150 దగ్గర కోయమంటాయి. కర్ణాటక పద్ధతిలో శ్రుతి దించుకునే మన వాళ్లకు అడుగు తీగ 150 దగ్గరికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి వస్తుంది. కాబట్టి 100 దాటించవద్దు. చెల్లో అడుగు తీగ 65 హెర్ట్జ్, దానికి 50 చాలు.

మృదంగానికి రెండు వైపులా చెరో మైకు, మూతకు 15 సెంటీమీటర్ల దూరంలో. రెండూ ఎదురెదురుగా ఉంటాయి కనుక ఒకదానికి మిక్సర్లో పొలారిటీ మీట (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి చూడండి. తొప్పి (మృదంగం మంద్ర వైపు) గుమ్మని నిండుగా ఎటు పలికితే అటే ఉంచండి. తబలా జతకు మధ్యలో ఒకటి సరిపోతుంది. వీణకు కాంటాక్ట్ పికప్ (వాద్యం కంపనాన్ని నేరుగా పట్టే బిళ్ల) అతికిస్తే దాన్ని నేరుగా మిక్సర్లో గుచ్చవద్దు. కనీసం 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న డీఐ బాక్సు (వాద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) లేకపోతే మంద్రం పోయి తీగల గీకుడే మిగులుతుంది. వేణువుకు మైకు ఊపిరి దారిలో కాకుండా కాస్త పైనుంచి, వేళ్ల రంధ్రాల వైపు చూడాలి. సన్నాయి నాదం ఒక్క అనసులోంచే (చివరి గంట ఆకారపు మూతిలోంచే) కాదు, రంధ్రాల్లోంచి కూడా వస్తుంది. అందుకే మైకు మీటరు దూరంలో, వాద్యం నడుముకు గురిపెట్టి ఉండాలి. డోలుకు మైకే వద్దు. సన్నాయినీ డోలునూ వేదిక పక్కన, అనసు వయొలిన్ల వైపు తిరగకుండా కూర్చోబెట్టండి. లేదంటే వయొలిన్ మైకులన్నీ సన్నాయి మైకులైపోతాయి.

మానిటర్ స్పీకరు (కళాకారులు తమ వాద్యం వినడానికి వేదిక మీద పెట్టేది) ఎక్కడ పెట్టాలన్నది మైకు రకాన్ని బట్టి ఉంటుంది. కార్డియాయిడ్ (ప్రధానంగా ముందు వైపు వినే) మైకుకు సరిగ్గా వెనక చెవుడు. మానిటర్ అక్కడే ఉండాలి. సూపర్‌కార్డియాయిడ్ (ముందు వైపు ఇంకా ఇరుకుగా వినే రకం) వెనక నుంచి కొంత వింటుంది, దాని చెవుడు ముందు నుంచి 126 డిగ్రీల దగ్గర. ఈ తేడా చూడకపోవడం వల్లే ఎన్నో వేదికల మీద మైకులు కూస్తాయి. సౌండ్ చెక్‌లో ఒక్కొక్కరినీ వాయించమని ఊరుకోకుండా అందరినీ కలిపి వాయించమనండి. శబ్దం పెంచుతూ పోయి, కూత వచ్చిన ఫ్రీక్వెన్సీని సన్నగా 3 డెసిబెల్స్ కోసి, చివరికి కూత హద్దుకు 6 డెసిబెల్స్ కింద ఆగండి. నాలుగు చోట్లకు మించి కోయాల్సి వస్తోందంటే మైకు స్థానమే తప్పు.

ఆరుబయట ప్రతిధ్వని ఉండదు కాబట్టి వయొలిన్లు ఎండిపోయినట్టు వినిపిస్తాయి. వాటికి మిక్సర్లో 2 సెకన్ల రివర్బ్ కొద్దిగా కలపండి. మృదంగానికి కలపవద్దు, నడక చెదురుతుంది.

ప్రశ్న: కాలువ గట్టు పక్కన వేదిక. సాయంత్రం గాలికి మైకుల్లో బుర్రుమని హోరు. జేబురుమాళ్లు కట్టినా తగ్గలేదు.
– నరసాపురం

జవాబు: రుమాలు మైకు జాలీని అంటుకుని ఉంటే లాభం లేదు. గుడ్డకూ జాలీకీ మధ్య కదలని గాలి పొర ఉంటేనే హోరు ఆగుతుంది. ముందు నురుగు తొడుగు, దాని మీద బొచ్చు తొడుగు వేయండి. పాలిథిన్ సంచి గరగరలాడి, వాద్యం శబ్దాన్నే మింగేస్తుంది. గాలి హోరు ఎక్కువగా 200 హెర్ట్జ్ కిందే ఉంటుంది కనుక కింది ధ్వనులను కోసే ఫిల్టర్ కూడా సాయపడుతుంది. అన్ని వైపులా వినే ఓమ్ని రకం క్లిప్ మైకు, ఒక వైపే వినే మైకు కన్నా గాలికి తక్కువ లొంగుతుంది.

అసలు పని వేదిక వెనక ఉంది. టార్పాలిన్ కడితే అదే టపటపా కొట్టుకుంటుంది. కడియం నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ రెండు పొరలుగా, గాలి వచ్చే వైపు బిగించి కట్టండి. గాలి అందులోంచి దూరుతూనే వేగం కోల్పోతుంది.

ప్రశ్న: రాత్రి తొమ్మిది దాటాక కండెన్సర్ మైకులు చిటపటమంటున్నాయి. కేబుళ్లు మార్చినా అంతే.
– రాజోలు

జవాబు: తేమ. కండెన్సర్ లోపలి పల్చని పొర మీద చెమ్మ చేరితే విద్యుత్ జారి ఆ చప్పుడు వస్తుంది. ఏసీ కారులో చల్లబడిన మైకును తీసి వెంటనే వేదిక మీద పెడితే మరీ త్వరగా చేరుతుంది. సిలికా జెల్ ఉన్న బిగుతు డబ్బాలో తెచ్చి, కచేరీకి గంట ముందే బయటి వేడికి అలవాటు పడనివ్వండి. మంచు నేరుగా పడకుండా వేదికకు పైకప్పు తప్పనిసరి. చిటపటమనే మైకును ఆ రాత్రికి పక్కన పెట్టేయండి. బదులు రెండు డైనమిక్ మైకులు (తీగచుట్టతో పనిచేసే మొండి రకం) సిద్ధంగా ఉండాలి, వాటికి ఈ బాధ లేదు.

ప్రశ్న: జనరేటర్ మీద నడిపితే గుంయ్‌మని మోత. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే ఆగిందని ఒకరు చెప్పారు. చేయవచ్చా?
– మండపేట

జవాబు: ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. తడి నేల మీద, ఇనుప స్టాండ్ల మధ్య, అది ప్రాణాలు తీసే పని. మిక్సరు, యాంప్లిఫయర్లు, కీబోర్డు అన్నీ ఒకే ఫేజు మీద, ఒకే బోర్డు నుంచి తీసుకోండి. సీరియల్ లైట్లు, డిమ్మర్లు వేరే ఫేజు మీదికి పంపండి. కీబోర్డుకు డీఐ బాక్సు పెట్టి, దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. ఆ మీట శబ్దం తీగ గ్రౌండునే విడదీస్తుంది, కరెంటు ఎర్తును ముట్టుకోదు. మైకు కేబుల్ కరెంటు కేబుల్‌ను దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి, పక్కపక్కన పరుచుకోకూడదు. బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) ఉందో లేదో చూడకుండా వేదిక ఎక్కించవద్దు.

ప్రశ్న: వెనక ఉన్నవాళ్ల కోసం మధ్యలో మరో జత స్పీకర్లు పెడితే ప్రతి స్వరం రెండుసార్లు వినిపిస్తోంది.
– పాలకొల్లు

జవాబు: ఆ జతకు డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యంగా పంపే సర్దుబాటు) ఇవ్వలేదు. 20 డిగ్రీల రాత్రి శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. రెండో జత ముందు స్పీకర్లకు 35 మీటర్ల వెనక ఉంటే 102 మిల్లీసెకన్లు, దానికి పైన మరో 10 నుంచి 15 కలపండి. అప్పుడు శబ్దం వేదిక నుంచే వస్తున్నట్టు ఉంటుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నిషేధం ఉంది. పండుగ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే 12 దాకా, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. డిలే, కూత సర్దుళ్లన్నీ జనం రాకముందే, సాయంత్రం ఐదింటికల్లా ముగించండి.