హాస్టల్ తనిఖీ: మేడ మీద మొదలెట్టి సెల్లార్‌లో ముగించండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ప్రైవేటు హాస్టళ్లు, పీజీల గురించే. మున్సిపల్ తనిఖీల పని తెలిసిన మా సలహాదారులు వీటికి జవాబులిచ్చారు.

ప్రశ్న: వార్డు శానిటేషన్ కార్యదర్శిగా కొత్తగా చేరాను. తనిఖీకి వెళ్తే హాస్టల్ యజమాని కుర్చీ వేసి, ఫైలు ముందు పెడతాడు. అది తిరగేసేసరికే పొద్దుపోతోంది. అసలు ఏ వరుసలో చూడాలి? నీళ్ల ట్యాంకుల దగ్గర ఏం గమనించాలి?
– రాజమహేంద్రవరం

జవాబు: ఫైలు చివర చూడండి. మీరు కింద కాగితాలు తిరగేస్తుంటే, పైన వంటమనిషి టెర్రస్ తలుపు తాళం తీస్తుంటాడు, మెట్ల మీది పాత పరుపులు పక్కకు జరుపుతుంటాడు. అందుకే లోపలికి అడుగు పెట్టగానే నేరుగా పైకి వెళ్లండి. అక్కడి నుంచి ఒక్కో అంతస్తూ దిగుతూ, మంచాలు లెక్క రాసుకుంటూ, చివరికి వంటగది, సంపు, సెల్లార్ చూడండి. కాగితంలో రెండంతస్తుల ఇల్లే ఉంటుంది. పైన రేకుల షెడ్డులో ఇంకో డజను మంచాలుంటాయి. ముందు లెక్క మీ చేతిలో ఉంటే ఆ తేడా గురించి వాదన ఉండదు.

గదికి టేపు పెట్టండి. శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సులో చెప్పే పాత కొలతే ఇప్పటికీ పనికొస్తుంది: 110 చదరపు అడుగులు, అంతకు మించితే ఇద్దరు, 70 నుంచి 90 అయితే ఒక్కరు, 50 లోపు గదిలో ఎవరినీ పడుకోబెట్టకూడదు. అంటే 12 బై 10 గది ఇద్దరిది. అందులో అయిదు మంచాలు కనిపించడం మన ఊళ్లలో మామూలే. డబుల్ డెక్కర్ మంచం వేస్తే స్థలం మిగులుతుందంటారు; నేల మిగులుతుంది కానీ గాలి పెరగదు. కిటికీ ఉందా అన్నది సరిపోదు, తెరిచి చూడండి. చాలాచోట్ల అది పక్క మేడ గోడలోకి తెరుచుకుంటుంది, లేదా ప్లైవుడ్ ముక్కతో మూసేసి ఉంటుంది. మరుగుదొడ్లు మగవాళ్ల హాస్టల్లో 8 మందికి ఒకటి, ఆడవాళ్ల హాస్టల్లో 6 మందికి ఒకటి ఉండాలి. తాళం వేసి ఉన్నవాటిని, నీళ్లు రానివాటిని లెక్కలోంచి తీసేయండి.

ఇక నీళ్లు. మనిషికి రోజుకు 135 లీటర్లు. 60 మంది ఉంటే 8,100 లీటర్లు. సంపు, పై ట్యాంకు కలిపి 5,000 లీటర్లే పడితే మిగతాది ట్యాంకరు తేవాలి. ఆ నీళ్లు ఎక్కడివో అడగండి. సంపు మూత తీయించి, టార్చి వేసి గోడలు చూడండి. పాత ఇళ్లలో సంపు, సెప్టిక్ ట్యాంకు ఒకే సందులో, కొన్నిసార్లు ఒకే గోడ పంచుకుని ఉంటాయి. సంపు నిండుగా ఉన్నంతసేపు ఏమీ కాదు. ఎండాకాలం నీటిమట్టం తగ్గినప్పుడు గోడలో వెంట్రుకంత పగులున్నా మురుగు లోపలికి ఊరుతుంది. గోడకు తడి చారలు కనిపిస్తే ఆ నీళ్లు వాడకుండా ఆపించి, పరీక్షకు పంపండి.

క్లోరిన్ పరీక్ష సంపు దగ్గర చేయకండి. పై ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి తిప్పి, పైపులో నిలిచిన నీళ్లు పోయాక పట్టండి. కిట్‌లోని ట్యూబులో గీత దాకా నీళ్లు పోసి, చెప్పినన్ని చుక్కల మందు వేసి, వెంటనే రంగు పోల్చండి. కిట్ మందుల్లో రెండు రకాలు: ఓటీకి పసుపు, డీపీడీకి గులాబీ రంగు వస్తుంది. ఓటీలో మొదటి పది సెకన్లలో వచ్చిన రంగే ఫ్రీ క్లోరిన్, అంటే క్రిములను చంపడానికి నీళ్లలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్. పావుగంట తర్వాత ముదిరిన రంగు చూసి బాగుందని రాయడం తరచూ జరిగే తప్పు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

లేకపోతే బ్లీచింగ్ వేయించండి. మంచి పౌడరైతే 1,000 లీటర్లకు 2.5 గ్రాములు, అంటే 10,000 లీటర్ల సంపుకు 25 గ్రాములు. నేరుగా చల్లకూడదు. ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత బక్కెట్ నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయాలి. గంట తర్వాత మళ్లీ పరీక్ష. అప్పటికీ సున్నా అయితే నీళ్లలో మలినం ఎక్కువ, లేదా పౌడరు చచ్చిపోయింది. మూతి విప్పిన బస్తాను వరండాలో పెట్టి నెలల తరబడి వాడేచోట రెండోదే ఎక్కువ. గడ్డకట్టి, ఘాటు వాసన లేని పౌడరు ఎన్ని గ్రాములు వేసినా దండగ.

ట్యాంకు కడగడానికి లెక్క వేరు: అడుగు మట్టి తీసి, గోడలు రుద్ది, నింపి, 1,000 లీటర్లకు 200 గ్రాములు కలిపి రాత్రంతా ఉంచి, ఆ నీళ్లు పారబోయాలి. రుద్దడం మానేస్తే సగం పనే. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని, ఎండినా నెలల పాటు బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే వారం పది రోజుల్లో దోమలవుతాయి. 'ఆర్‌ఓ ఉంది కదండీ' అంటారు. ఆర్‌ఓ క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది. ఆ నీళ్లు పట్టి ఉంచే స్టీలు డ్రమ్ములో గ్లాసు ముంచుతుంటే, దానికి కాపలా ఏదీ మిగలదు. డ్రమ్ముకు కుళాయి ఉందా, లోపల చెయ్యి పెడితే జిగటగా తగులుతోందా చూడండి.

ప్రశ్న: మాది అయిదంతస్తుల లేడీస్ హాస్టల్. టెర్రస్ తలుపుకు తాళం, కిటికీలకు గ్రిల్స్ వేశామని నోటీసు ఇచ్చారు. ఆడపిల్లలుండే చోటు, దొంగల భయం ఉండదా? ఫైర్ సిలిండర్లు అన్ని అంతస్తుల్లోనూ పెట్టాం.
– గుంటూరు

జవాబు: నోటీసు సరైనదేనండి. ఇలాంటి భవనాల్లో ప్రాణం తీసేది మంట కాదు, పొగ. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో జరిగింది చూడండి. సెల్లార్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల దగ్గర మంటలు లేచాయి, పైన లాడ్జి. పొగ మెట్లదారిన పైకి ఎగబాకింది. 8 మంది చనిపోయారు. ఒకే మెట్లదారి ఉన్న మేడలో ఆ దారి పొగగొట్టంలా పనిచేస్తుంది. పైన తలుపు తాళం వేసి ఉంటే పొగ పోదు, మనుషులూ పోలేరు.

దొంగల భయానికి తాళమొక్కటే మార్గం కాదు. టెర్రస్ తలుపుకు లోపలివైపు గడియ పెట్టించండి, తాళం తీసేయండి. లోపలి నుంచి తాళంచెవి లేకుండా ఒక్క చేత్తో తెరుచుకోవాలి. బయటి నుంచి ఎవరూ తెరవలేరు. పిల్లలు రాత్రిళ్లు పైకి వెళ్తారన్న బెంగ ఉంటే తలుపు తెరిస్తే మోగే అలారం పెట్టండి, కొన్ని వందల రూపాయల వస్తువు. గ్రిల్స్ అన్నీ పీకనక్కర్లేదు. రోడ్డువైపు గదుల్లో ఒక్కో కిటికీ గ్రిల్‌ను బందులతో తలుపులా తెరుచుకునేలా మార్పించండి. వెల్డింగ్ షాపువాడికి పూట పని.

సిలిండర్లు పెట్టామన్నారు. ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి గేజి ముల్లు పచ్చగీతలో ఉందో లేదో చూడండి. ఎర్రగీతలో ఉంటే అది ఖాళీ డబ్బా కిందే లెక్క. ఏ మూల నుంచైనా 15 మీటర్ల నడకలో ఒకటి దొరకాలి. పిన్ను లాగడం వాచ్‌మన్‌కు, వంటమనిషికి నేర్పించారా అన్నది అసలు సంగతి. మీటర్ల బోర్డు మెట్ల కిందే ఉంటే అక్కడ బైకులు, చెప్పుల స్టాండు, గ్యాస్ బండలు ఉండకూడదు. ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ ఆ మెట్ల మొదట్లో అసలు వద్దు.

గ్యాస్ గురించి ఒక మాట. హాస్టల్ వంటకు 19 కిలోల కమర్షియల్ బండలే వాడాలి. ప్రత్యేక లైసెన్సు లేకుండా 100 కిలోలకు మించి నిల్వ ఉంచకూడదు; అంటే నిండువి అయిదు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందికి పాకుతుంది. అందుకే సెల్లార్‌లో బండలు పెట్టనివ్వరు.

ప్రశ్న: మా అమ్మాయి హాస్టల్లో ఇరవై మందికి ఒకే రాత్రి వాంతులు, విరేచనాలు. యజమాని బయటి పానీపూరీ అంటాడు, కాదంటే నీళ్లంటాడు. ఏం చేయాలి?
– ఖమ్మం

జవాబు: ముందు ఒక కాగితం తీసి నాలుగు గడులు గీయించండి: పేరు, ఆ రోజు ఏమేం తింది, ఎన్నింటికి తింది, మొదటి వాంతి ఎన్నింటికి. జబ్బు పడనివాళ్ల వివరాలు కూడా రాయాలి, అదే కీలకం. మెస్‌లో తినని పిల్లలు బాగుండి, తిన్నవాళ్లే పడిపోతే నీళ్ల మీదికి నెట్టడం కుదరదు. నీళ్లయితే మెస్‌లో తిననివాళ్లూ పడతారు, కేసులు రోజుల తరబడి వస్తూనే ఉంటాయి. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలైతే చాలాసేపు బయట ఉన్న అన్నం, పులిహోర, పాల వంటకాల మీద అనుమానం. ఎనిమిది నుంచి పదహారు గంటల తర్వాత కడుపునొప్పి, విరేచనాలు ఎక్కువగా ఉంటే పెద్ద గిన్నెలో వండి వదిలేసిన మాంసం కూర, పప్పు లాంటివి చూడాలి. 40 లీటర్ల గిన్నెలో సాంబారు పైన చల్లారినా, నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. క్రిములు పెరగడానికి అంతకంటే ఏం కావాలి? వండినది 60 డిగ్రీలకు పైన వేడిగా అయినా ఉంచాలి, లేదా వెడల్పు ట్రేలలో పల్చగా పోసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

మిగిలిన ఆహారం పారబోయనివ్వకండి. శుభ్రమైన మూత డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచండి, గడ్డకట్టించకండి. వెంటనే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. ఆయన చట్టప్రకారం తీసే శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఫుడ్ అనలిస్ట్ 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. మీరే ఫీజు కట్టి పరీక్ష చేయించుకునే హక్కు కూడా ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్‌లో ఉంది. ఆసుపత్రి చీటీలో 'గ్యాస్ట్రైటిస్' అని ఊరుకోకుండా, ఏం తిన్నాక మొదలైందో రాయమని డాక్టర్‌ను అడగండి.

ప్రశ్న: పీజీ బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే చాలా?
– విశాఖపట్నం

జవాబు: చాలదు. మూసిన బాత్రూంలో గ్యాస్ గీజర్ ఆక్సిజన్ తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. రంగు లేదు, వాసన లేదు. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, గీజర్ ఆగదు. గీజర్‌ను బయటి బాల్కనీ గోడకు మార్పించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తేవాలి. స్నానం చేస్తుంటే తలనొప్పి, కాళ్లు తేలిపోవడం మొదలైతే కుళాయి కట్టేయడం కూడా తర్వాత, ముందు తలుపు తీసుకుని బయటికి రండి. కరెంటు గీజర్ ఉన్నవాళ్లు డీబీ బాక్సులో (స్విచ్‌లన్నీ ఉండే కరెంటు పెట్టె) 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉందో లేదో చూసి, దాని టెస్ట్ బటన్ నొక్కండి. పడిపోకపోతే అది ఉన్నా లేనట్టే.

ప్రశ్న: ఫిర్యాదు చేస్తే తనిఖీకి వస్తారు, వెళ్తారు. ఏమీ మారదు. ఎలా రాయాలి?
– అమీర్‌పేట, హైదరాబాద్

జవాబు: చాలామంది ఒకే అర్జీలో తిండి, దోమలు, మెట్లు, అద్దె, ఓనర్ నోటి దురుసు అన్నీ రాస్తారు. అది ఎవరి బల్ల మీదా తెమలదు. విడగొట్టండి. మురుగు, చెత్త, తాగునీరు, ట్రేడ్ లైసెన్సు మున్సిపల్ ఆరోగ్య విభాగానికి; వంటగది ఫుడ్ సేఫ్టీకి; అనుమతి లేని పై అంతస్తు, సెల్లార్‌లో గదులు టౌన్ ప్లానింగ్‌కు; దోమలు ఎంటమాలజీకి (దోమల నివారణ చూసే విభాగం). ఒక్కో అర్జీలో ఒక్క విషయం, గది నంబరు, కొలత, తేదీ ఉన్న ఫొటో. 'గదులు ఇరుకు' అని కాదు, '304లో 120 చదరపు అడుగులకు 5 మంచాలు' అని రాయండి. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. నెల దాటినా కదలకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మూడే అడగండి: తనిఖీ నివేదిక కాపీ, ఇచ్చిన నోటీసు కాపీ, మళ్లీ ఎప్పుడు తనిఖీ చేశారో ఆ తేదీ. 30 రోజుల్లో జవాబివ్వాలి. మూడోది ఖాళీగా వస్తే, అదే కాగితం జతచేసి పై అధికారికి అప్పీలు పెట్టండి.