ఈసారి కనిపిస్తే

చిన్నీ,

నువ్వు అంత అభిమానించే హీరో ఎయిర్‌పోర్టులో నీ ఎదురు కుర్చీలోనే కూర్చుంటే నోరు పెగల్లేదని, తేరుకునేలోపే ఆయన లేచి వెళ్లిపోయాడని రాశావు. నీ ఉత్తరం చదివి నాకూ మనసు చివుక్కుమంది. షూటింగుల్లో హెయిర్ డ్రెస్సర్‌గా పాతికేళ్లు సినిమావాళ్ల పక్కనే నిలబడ్డాను కాబట్టి, వాళ్ల వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను.

ముందు ఆయన ఏం చేస్తున్నాడో చూడు. తింటున్నా, ఫోన్లో ఉన్నా, ఒళ్లో పిల్లలున్నా వెళ్లకు. ఒకసారి లంచ్ బ్రేక్‌లో ఒక నటి మొదటి ముద్ద నోటిదాకా తెచ్చుకుంది. ఎవరో భుజం మీద చెయ్యేసి సెల్ఫీకి ఫోన్ ఎత్తారు. ముద్ద కంచంలో పెట్టేసి నవ్వింది. వాళ్లను చూసి ఇంకొకరు, ఆ వెనక మరొకరు. షాట్ రెడీ అని పిలిచేసరికి అన్నం ఎండిపోయింది. తినకుండానే లేచింది. జడ సరిచేస్తుంటే ఆమె మెడ సన్నగా వణకడం నా వేళ్లకు తెలిసింది. ఇప్పటికీ మర్చిపోలేను.

ఖాళీగా ఉంటే మాత్రం వెళ్లు. వెనక నుంచి కాదు, ఎదురుగా, కనబడేలా. నమస్కారం పెట్టి, నీకు నచ్చిన ఒక్క సీన్ గురించి చెప్పు. 'మీకు పెద్ద ఫ్యాన్‌ని' అనే మాట వాళ్లు రోజూ వింటారు. ఎవరూ పట్టించుకోలేదనుకున్న చిన్న చూపునో, ఆగి పలికిన డైలాగునో గుర్తుచేస్తే ముఖం వెలిగిపోతుంది, నేను చూశాను. ఆడని సినిమా ఊసు, నంబర్ అడగడం వద్దు.

ఫోటో ఆ తర్వాతే. కెమెరా ముందే తెరిచి, లెన్స్ తుడిచి, ఫ్లాష్ ఆపి ఉంచుకో. పక్కవాళ్లెవరికైనా ఇచ్చి వెనక కెమెరాతో తీయించు. సెల్ఫీలో ముందున్న ముఖం పెద్దదిగా పడుతుంది. ఆయన వద్దంటే పొగరనుకోకు. కొత్త సినిమా కోసం పెంచిన గడ్డం, మార్చిన హెయిర్‌స్టైల్ ఫస్ట్ లుక్ వచ్చేదాకా బయటపడకూడదు. చాలాసార్లు వాళ్లు టోపీ పెట్టుకునేది అందుకే. సరేనని థ్యాంక్స్ చెప్పి వచ్చేయ్.

ఫోటో దొరికినా ఆయన అక్కడి నుంచి వెళ్లేదాకా పోస్ట్ చేయకు, జనం ఎగబడతారు.

ఇంతకీ ఆరోజు ఏ సీన్ గురించి చెప్పాలనుకున్నావు? రాసి పంపు. ఒక్క వాక్యంలో వచ్చేలా ఇద్దరం కలిసి కూర్చుదాం.

ప్రేమతో,
అత్తయ్య