ఇంట్లో నేల మీద తేలికగా చేసుకోవాలంటే సేతుబంధాసనంతో మొదలుపెట్టండి

యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు, జిమ్‌కి వెళ్లలేను, గెంతులు లేకుండా ఇంట్లోనే చేసుకునే వ్యాయామం ఏదైనా చెప్పమన్నారు కదండీ. నా ఓటు సేతుబంధాసనానికే, అంటే వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపే ఆసనం. ఫిజియోథెరపీలో బ్రిడ్జ్ అంటారు, చేతులు పెట్టే తీరులో కాస్త తేడా తప్ప పని ఒకటే. నేను రోజంతా కుట్టుమిషన్ ముందు కూర్చుంటాను, సాయంత్రానికి నడుము పట్టేసేది, అప్పుడు ఫిజియోథెరపిస్ట్ ముందుగా నేర్పింది ఇదే, ఇప్పటికీ వదల్లేదు.

మంచం మీద వద్దు, పరుపు కుంగిపోతుంది. జంపఖానా రెండు మడతలు వేసి వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించండి, రెంటి మధ్య జానెడు ఎడం, చేతులు పక్కన పెడితే వేళ్లకు మడమలు దాదాపు అందాలి. ఊపిరి వదులుతూ, మడమలతో నేలను నొక్కుతూ, పిరుదులు బిగించి మెల్లగా పైకి లేపండి. భుజాల నుంచి మోకాళ్ల దాకా ఏటవాలుగా ఒకే గీతలా వస్తే చాలు, ఇంకా లేపాలని చూస్తే భారమంతా నడుము మీద పడుతుంది. మూడు లెక్కపెట్టి, లేపినదానికన్నా నిదానంగా దింపండి. మొదట్లో ఐదారుసార్లు, అలవాటయ్యాక పది.

బిగువు ఎక్కడ తెలుస్తోందో ప్రతిసారీ గమనించుకోండి, అన్నిటికన్నా ముఖ్యం అదే. పిరుదుల్లో తెలియాలి. నడుములో తెలిస్తే ఎత్తు తగ్గించండి, తొడ వెనక పట్టేస్తుంటే మడమలు ఇంకాస్త దగ్గరికి జరపండి. శరీరంలోకెల్లా పెద్ద కండరం పిరుదుల్లోనే ఉంది, కుర్చీలోంచి లేవాలన్నా మెట్లెక్కాలన్నా మనల్ని పైకి నెట్టేది అదే, గంటల తరబడి కూర్చుంటే దానికి పనే ఉండదు. పైగా పడుకుని చేస్తాం కాబట్టి ఒంటి బరువు మోకాళ్ల మీద పడదు.

మా అత్తయ్యకీ ఇదే నేర్పాను. ఆవిడకి ఆసనం కన్నా నేల మీంచి లేవడమంటేనే భయం. అందుకని గోడకి ఆనించిన కుర్చీ ఒకటి దగ్గర పెట్టుకుంటారు. అయిపోయాక పక్కకి ఒత్తిగిలి, చేత్తో నేలను నొక్కి కూర్చుని, కాసేపాగి కుర్చీ పట్టుకుని లేస్తారు. మీరూ అలాగే చేయండి, వెల్లకిలా ఉన్నవాళ్లు ఒక్కసారిగా లేవకూడదు.

భోజనమయ్యాక రెండు మూడు గంటలు ఆగాలి. ఇందులో తల గుండెకన్నా కిందికి ఉంటుంది కాబట్టి బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లకోమా (సాధారణంగా కంట్లో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా చేయొద్దు, నెలలు నిండుతున్న గర్భిణులూ అంతే. నడుము నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిర్లు వస్తున్నా ముందు చూపించుకోండి. నడుము పైకి లేపి ఉన్నప్పుడు తల పక్కకి తిప్పొద్దు, మెడ పట్టేస్తుంది.

మోకాళ్లు మడిస్తేనే నొప్పి అనుకోండి, పాదాలు కాస్త దూరంగా పెట్టి, బెత్తెడు ఎత్తు మాత్రం లేపి చూడండి. అప్పటికీ నొప్పి పెడితే ఆపేసి, ఒక్కసారి ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోండి.